నలభై తొమ్మిది కాదు

ఎల్క్ బెండ్, అయోవా
ఆగస్టు, ఆదివారం

అత్తయ్యగారికి డెల్మార్ నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. అక్కడ మీరూ, డొరీన్ వదిన వాళ్ళూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ అమ్మాయి మారిట్ ఆఖరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. అంత్యక్రియల నాడు మీరు అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

పొద్దున్నే వాన వెలిసింది. ఎగువన కురిసిన నీరు మధ్యాహ్నానికి మన ఊరు చేరుతుందని కబురొచ్చింది. మారిట్ మందుల సంచీ, మీ పెళ్ళి ఫోటో, రెండు దుప్పట్లు సర్దింది. తాళం వేశాక మళ్ళీ లోపలికి వెళ్ళి, పొయ్యి ఆర్పిందో లేదో చూసి వచ్చింది. గుట్టమీది హైస్కూలుకు చేరాం. జిమ్‌లో మంచాలు వేశారు. ఊరి వరద అధికారిని కాబట్టి నేను ఎవరెవరు వచ్చారో చూసుకుంటూ తిరిగాను. తను పిల్లలకు శాండ్‌విచ్‌లు చేసి పెట్టింది. సాయంత్రం గుండెలో బరువుగా ఉందంది. అప్పటికే వంతెన మునిగింది. అంబులెన్సు అవతలి ఒడ్డున ఆగిపోయింది. ఊరికున్న రెండు పడవలూ వాటర్ స్ట్రీట్‌లో ఇళ్ళ కప్పులెక్కినవాళ్ళను దించుతున్నాయి. పడవ వచ్చేసరికి దానితో పని లేకపోయింది. నేను పక్కనే ఉన్నాను. "మీ చేతులు చల్లగా ఉన్నాయి, జేబులో పెట్టుకోండి" అంది. అదే ఆఖరి మాట. తను భయపడలేదు.

అంతే, అత్తయ్యా.

సరిగా తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. స్కూలు ఆవరణలో ఉండటానికి చక్రాల ట్రైలరు ఇచ్చారు. చర్చి ఆడవాళ్ళు రోజూ ఏదో ఒకటి వండి మెట్టుమీద పెట్టి పోతున్నారు. గిన్నెలు ఎవరివి ఎవరికివ్వాలో తెలియక అన్నీ కడిగి వరసగా పెట్టాను.

ఊరంతా ఇళ్ళ మరమ్మతు మొదలైంది. కాదు, మొదలుకావడానికి నేను లెక్కగట్టే నష్టం అంకెల కోసం కాచుకుని ఉంది. పద్ధతి మీకు తెలిసిందే. వరదలో దెబ్బతిన్న ఇంటి నష్టం దాని విలువలో సగం కంటే తక్కువైతే ఉన్నచోటే, ఉన్న ఎత్తులోనే బాగుచేసుకోవచ్చు. సగం దాటితే వరద మట్టానికి పైకి ఎత్తాలి, లేదా తీసేయాలి. అందుకే అందరికీ నూటికి నలభై తొమ్మిది కావాలి. కాఫీ కొట్లో కూర్చుంటే చాలు, హార్డ్‌వేర్ షాపు రోలండ్ నాకు ఎదురుగా కుర్చీ లాక్కుంటాడు.

"ఒరేయ్ డెల్మార్, నీకు కాలేజీలో యాభై నుంచే లెక్కపెట్టడం నేర్పారా? మా బళ్ళో నలభై తొమ్మిది కూడా ఉండేదిరా."

"మీ ఇంట్లో కిటికీ పై అంచు దాకా బురద ఉంది, రోలండ్."

"కడుక్కుంటాం. నీకేం పోయింది? చూసీ చూడనట్టు పోరాదూ?"

పక్క బల్ల దగ్గర ఇంగా బకెన్ కాఫీ తాగుతోంది. ఎనభై దాటినా చెవులు బాగా పనిచేస్తాయి. మొన్నటి వరదకు ముందే, ఊరంతా నవ్వుతున్నా పట్టించుకోకుండా, ప్రభుత్వ సాయంతో ఇంటిని స్తంభాల మీదికి ఎత్తించుకున్న మనిషి. నీరు ఆమె ఇంటి కిందినుంచి పోయింది. టమాటా మొక్కలు తప్ప ఏమీ పోలేదు.

"ఏం రోలండ్, నా ఇంటిని కొంగ అనేవాడివి కదా. మరి మీ పొట్టికాళ్ళ బాతులన్నీ ఏమయ్యాయి నాయనా?" అంది.

కొట్టంతా నవ్వింది. రోలండ్ కూడా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా దగ్గర ఎత్తడానికి డబ్బు లేదురా" అన్నాడు. సగం దాటిందని రాస్తేనే బీమాలో ఎత్తడానికి వేరే సొమ్ము వస్తుందని మళ్ళీ చెప్పాను. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

పదిహేనేళ్ళ కిందటి వరదప్పుడు నాకు ముందు ఈ పనిలో ఉన్నాయన వాటర్ స్ట్రీట్ అంతటికీ నలభై తొమ్మిదే రాశాడు. మంచివాడు, ఎవరినీ నొప్పించేవాడు కాదు. మొన్న పడవలు వెళ్ళింది ఆ ఇళ్ళకే. ఇంతకుమించి దాని గురించి రాయను.

ఈ నియమాలు పాటిస్తామని ఊరు మాట ఇచ్చింది కనుకే మనకు వరద బీమా దొరుకుతోంది. మాట తప్పితే ఊరిని ఊరే పథకంలోంచి తీసేస్తారు. ఎవరికీ పాలసీ ఉండదు. పల్లంలో ఇళ్ళకు బ్యాంకు అప్పు పుట్టదు. అప్పుడు ఇంగా ఇల్లు కూడా అమ్ముడుపోదు.

మీ మూడో ప్రశ్న ఇల్లు. ఇంతదాకా దాటవేస్తూ వచ్చాను. మన్నించండి.

మేమున్న ఇంటిని నేనే అంచనా వేయకూడదని పక్క కౌంటీ వరద అధికారిణిని పిలిచాను. గురువారం వచ్చింది. గోడలు, నేల, వైర్లు అన్నీ చూసింది. చివర మామయ్యగారు వాల్‌నట్ చెక్కతో చేసిన మెట్ల దగ్గర ఆగింది. మెట్లు ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇవి కలిపితే యాభై రెండు వస్తుంది. బాగవుతాయి అంటారా, వదిలేస్తాను, నలభై తొమ్మిదే. ఈ ఊళ్ళో మిమ్మల్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరు" అంది. దయగానే అంది.

నేను కింది మెట్టు మీద కాలు పెట్టాను. చెక్క పొరలు పొరలుగా విరిగింది. మారిట్ అక్కడ కూర్చుని బూట్లు వేసుకునేది.

"పోయాయండీ. కలపండి" అన్నాను.

అత్తయ్యా, ఇల్లు మీ పేరున ఉంది. ఎత్తించడమా, ప్రభుత్వానికి అమ్మేసి గడ్డి పెరగనివ్వడమా అన్నది మీరు చెప్పాలి. అమ్మితే అక్కడ ఇంకెప్పుడూ ఎవరూ కట్టరు. నన్నడిగితే అమ్మేయమంటాను. కానీ ఎత్తించమంటే ఎత్తిస్తాను, మామయ్యగారు చేసినట్టే మెట్లు చేయిస్తాను. నష్టం ఎంతో చెప్పడం మాత్రం నా పని. మీకు కోపం వస్తే రానివ్వండి, ఉత్తరం మాత్రం రాయండి.

రేపు ఉదయం కాఫీ కొట్టు తెరిచే వేళకు, సగం దాటిందన్న మొదటి నోటీసు మన తలుపుకు కొడతాను. రోలండ్‌ది అతని చేతికే ఇస్తాను. ఆ తర్వాత వాటర్ స్ట్రీట్ ఆ చివరిదాకా, ప్రతి గుమ్మం ముందూ ఆగుతూ నడుస్తాను.

ఇట్లు,
మారిట్ భర్త, మీ అల్లుడు
డెల్మార్