ఎస్తేరు మింగిన మాత్రలు

కె.ఆర్.పురం, మంగళవారం

అమ్మకు దీన వందనాలు.

ఫోన్ చేస్తే చెల్లి నా పక్కనే ఉంటాది, అందుకే ఈ కార్డు. మొటిమలు పోయి ఎస్తేరు మొఖం నున్నగా అయిందని మీరంతా మురిసినారు కదా. డాక్టరుకు చూపించుకోకుండా, స్నేహితురాలి మందుల చీటీతో మొటిమల మాత్రలు తెచ్చుకొని అయిదు నెలలుగా మింగుతాండాదంట. నర్సునై ఉండీ నేను కనిపెట్టలేదు.

మొన్న పొద్దుగూకేటప్పుడు ఎస్తేరు మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకొని, పిట్టగోడ లేని పక్కకు నేరుగా నడిచిపోతాంది. "ఆగవే!" అని అరిచినా. అంచుకు జానెడు దూరంలో నిలబడి, ఎవరూ లేని దిక్కుకు తిరిగి నవ్వుతా, "ఎందుకు అరుస్తావక్కా? నీ దగ్గరికే వస్తాండా కదా" అనింది. మసక వెలుతురులో దానికి నెల నుంచి ఏమీ కనపడటం లేదంట. మాత్రలు మాన్పిస్తామని దాచింది.

ఆ మాత్రల వల్లేనని డాక్టరు వాటిని ఆపించినాడు. చూపు తిరిగి రావచ్చు అన్నాడే గానీ, వస్తాదని అనలేదు.

నాయన బీపీ మాత్ర మానలేదు కదా?

అమ్మా, పిన్ని కూతురు సలోమికి కూడా ఇది రెండు అట్టలు పంపిందంట. ఈ కార్డు అందిన పొద్దే పోయి ఆ అట్టలు తీసేసుకో. సందెవేళ సలోమిని వాకిట్లో నిలబెట్టి, నువ్వు మాట్లాడకుండా ఎదురుగా నిలబడు. అక్కడ ఎవరుండారో చెప్పమని పిన్నితో అడిగించు.

దేవుడు మీకు తోడుండాలి.