ఎంగిలి సకినాలు

బోధన్

ఏర్గట్లలో ఉన్న మా లక్ష్మక్కకు చెల్లెలు సుజాత దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? నేను, మీ మరిది బాగానే ఉన్నాం, మా గురించి రంది పెట్టుకోకు. ఇక్కడ చలి ముదిరింది. తెల్లారేసరికి చెరుకు ట్రాక్టర్లు వీధంతా దుమ్ము లేపుతాయి. పనిలో పడి పొద్దంతా మరిచిపోతాను గానీ, అన్నం ముందు కూర్చుంటే నువ్వే గుర్తొస్తావు.

బీడీలు చుట్టిన చేతులతో సకినాలు చుడతావా అని నవ్వావు గదా, ఇప్పుడు నా దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. దేవుడికి చేసేది రుచి చూడకూడదు, ఎంగిలవుతుందని నువ్వు నేర్పావు. అతిథి దేవుడని శాస్త్రం చెబుతుంది గదా, మరి కొనేవాళ్లు కూడా దేవుళ్లే అనుకుని, గిరాకీకి చేసేది ఎవరూ నోట్లో వేసుకోవద్దని నేను నియమం పెట్టాను. ఆ మడి చూసే జనం నమ్మి వచ్చారు. నేనొక్కదాన్నే చేసినప్పుడు ఉప్పు నా చేతికే తెలిసేది.

పోయిన వారం ఒక పెళ్లివాళ్లు సారెకు సకినాలు చెప్పారు. ఇంత పెద్ద పని మాకు ఇదే మొదలు. నేను పిండిలో ఉప్పు వేసి బయటికి పోయాను. వేయలేదనుకుని ఇంకొకామె మళ్లీ వేసింది. ఎవరమూ రుచి చూడలేదు, గంపలు పంపేశాం. మధ్యాహ్నం పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది.

"సకినాలు గావమ్మా, ఉప్పుగల్లు పంపినవ్. పొద్దూకేసరికి సారె పోవాలె. నలుగుర్ల నా ఇజ్జత్ పోతది."

ఈ మాట బోధన్‌లో పాకితే మళ్లీ బీడీల చాటే నాకు గతి. అప్పుడు, మూకుడు దగ్గర సకినాలు వేయించే రఫియా బీ మెల్లగా నోరు తెరిచింది.

"రెండుసార్లు పడ్డదని నాకు శక్ అయింది చెల్లే. ఒకటి కొరికి సూద్దామనుకున్న. అసలే ఎంగిలి వద్దంటవు, అందుల నేను కొరికితే మీ దేవునికి ఏమైతదో అని ఊకున్న."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మా ఇంటి ఓనరు కమలమ్మ, ఏకాదశి నాడు పురాణం చదివే ఆమె, గడపలో నిలబడి అంతా విన్నది.

"శబరి రామునికి ఎంగిలి పండ్లే వెట్టింది గదనే. పుల్లగుంటే ఎట్లనని కొరికి సూసి వెట్టింది. నువ్వేమో సూడకుంట వెట్టి మడి అంటున్నవ్. దేవుని మీద ఎవలకు ప్రేమ, పావురం ఎక్కువ?"

అక్కా, చిన్నప్పటి నుంచి మనం విన్న కథే. ఏ అడవిలోనో, ఏ యుగంలోనో ఒక ముసలమ్మ పండు కొరికింది నా పొయ్యి కాడ నాకు దారి చూపడానికా అనిపించింది. పని పెరిగితే మడి పెంచాలనుకున్నాను, పెంచాల్సింది పావురమని అప్పుడు తెలిసింది.

మర్నాటికని నానబెట్టిన బియ్యం ఉంటే పిండి పట్టించుకొచ్చి మళ్లీ కూర్చున్నాం. మొదటి వాయిలో ఒకటి తీసి రఫియా చేతికిచ్చాను. ఆమె నా మొహం చూసి, దేవుడి పటం చూసి, కొరికింది. "ఇగ సరిపోయింది" అన్నది. పొద్దు గూకకముందే గంపలు పోయాయి. పెళ్లికూతురి తల్లి రెండో బిడ్డ పెళ్లికి కూడా మమ్మల్నే చేయమన్నది.

బావతో ఈ ఏటి నువ్వులు కొన్ని పంపించు, ఇక్కడివి చేదుగా ఉన్నాయి. పెద్దవాళ్లందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాకు కావాలి.

ఒక మాట దాచకుండా చెబుతున్నాను. ఆ రోజు రఫియా కొరకగా మిగిలిన సగం సకినాన్నే దేవుడి ముందు పెట్టాను. అంత నిండుగా ఎన్నడూ మొక్కలేదు. నువ్వు తిడితే పడతాను.

నీ చెల్లెలు
సుజాత