అది కారం కాదు

చిక్కడపల్లి,
మంగళవారం

రాజ్యం చెల్లెమ్మా,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం ఫొటో తీసి నీకూ, మీ పక్కింటి ముత్యాలుకూ పంపుతున్నాను. ముందు మహితను ఆసుపత్రికి తీసుకెళ్లు. "ఆల్చిప్పల కూరలో కారం ఎక్కువైంది అన్నయ్యా, పిల్ల మూతంతా తిమ్మిరెక్కిందంటోంది" అని పొద్దున నవ్వావే, అది కారం కాదు.

సముద్రం ఎర్రబడితే గంగమ్మకు కోపమొచ్చిందని, ఆల్చిప్పలు తినొద్దని మీ ఊళ్లో చేపలమ్మే దుర్గమ్మ చెబితే, మూఢనమ్మకమని వెక్కిరిస్తూ కరపత్రం వేసింది నేనే. మా పైవాటాలో ఉండి పరీక్షలకు చదువుకునే స్వరూప ఇప్పుడే అది చదివింది. "సార్, గిట్ల రాసిన్రేంది? ఎర్రనీళ్లల్ల విషపు నాచు ఉండొచ్చు. ఆల్చిప్పలు దాన్నే తింటయి. ఉడకబెట్టినా గా విషం పోదు" అంది.

ఆ నాచును పెంచింది గంగమ్మ కాదు. మేతా ఎరువూ కుళ్లిన చెరువునీళ్లను సముద్రంలోకి వదిలే రొయ్యల ఆసాములు. ఆ మాట మీద ఇప్పటికీ కొట్లాడతాను. కానీ తినొద్దన్న దుర్గమ్మ మాటే నిజం. నన్ను నమ్మే కదా నువ్వు వండావు!

ముత్యాలు తమ్ముడూ, ఇది వీధిలో అందరికీ గట్టిగా చదివి వినిపించు. కరపత్రం మీదున్న సంతకమే దీని కిందా పెట్టాను.

రాజ్యం, పిల్ల ఊపిరి సరిగా తీస్తోందా? ఆ ఒక్కటీ చెప్పు.

నీ అన్నయ్య
(సంతకం)