జోడు సైకిల్‌కు బెల్లు

కరీంనగర్

బంగారం లాంటి మా బాపుకు,

మమత రాస్తున్నాను. ఫోన్ చేస్తే నన్ను కన్న అవ్వ ఎత్తి నీ చెవి దగ్గర పెడుతుంది. నువ్వు "ఆఁ, మంచిదే, ఉంట" అని పెట్టేస్తావు. నేనన్నది ఒక్క ముక్క కూడా నీకు వినబడలేదని మన ముగ్గురికీ తెలుసు. సిరిసిల్ల కార్ఖానాలో సాంచాల మధ్యే నీ వయసంతా గడిచింది. ఆ మరమగ్గాల మోతే నీ చెవులు తినేసింది. కళ్లు మాత్రం బాగున్నాయి కనుక నాకు ఉత్తరమే దిక్కు.

ముందు నా సైకిళ్ల సంగతి చెప్తాను. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన నరేశ్ ఒకటే మాట: "గీ ఇంటికి సైకిళ్లే ఓనర్లు, మేం కిరాయికుంటున్నం." అననీ! పాలాయన దొడ్లో తుప్పు పట్టి పడి ఉన్న డబల్ క్యారేజ్ బండిని గీకి, రంగేసి, కొత్త చక్రాలు ఎక్కించాను. ఇప్పుడు దాని మీద గ్యాస్ సిలిండర్ కూడా తేవచ్చు. అడ్డకడ్డీ లేని ఆడవాళ్ల సైకిలు కూరగాయలకు. గుట్టలెక్కడానికి గేర్ల బండి. ఇక వంకర హ్యాండిల్ బండి ఉందే, దాని ఫ్రేము ఒక ఊళ్లో దొరికింది, చక్రాలు ఇంకో ఊళ్లో. పోయిన చలికాలం దాని మీద ధర్మపురి పోయి గోదావరిలో స్నానం చేసి వచ్చాను. ఆఫీసులో కూర్చున్నా నా వేళ్లు చక్రం పుల్లలు బిగిస్తున్నట్టే ఆడుతుంటాయి.

ఈ పిచ్చి నీదే కదా. సైకిల్‌ని తలకిందులు చేసి, చక్రం తిప్పి, పక్కన సుద్దముక్క పట్టి, "యాడ సుద్ద అంటుకుంటదో గాడ బెండున్నట్టు, గా పుల్ల బిగియ్యి" అని నా చేతికి పానా ఇచ్చావు. మన గల్లీలో ఆడపిల్ల చేతికి పానా ఇచ్చిన తండ్రివి నువ్వొక్కడివే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

ఇప్పుడు అసలు మాట. ఎండాకాలంలో వెనక లారీ హారన్ నీకు వినబడలేదు. అది నీ సైకిల్ హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది, నువ్వు రోడ్డు పక్క మోరీ కాలువలో పడ్డావు. దెబ్బ మానింది. కానీ నీ నల్ల సైకిల్‌ను పాత సామాన్ల వాడికి వేసేశావు. నాకు ఒక్క మాట చెప్పలేదు. సీటు అందక, అడ్డకడ్డీ సందులోంచి కాలు పెట్టి నేను తొక్కడం నేర్చుకున్నది ఆ సైకిలే కదా బాపూ! అయినా నాకు కోపం ఇనుము పోయినందుకు కాదు. నువ్వు చాయ్ హోటల్‌కు కూడా పోవట్లేదట. గోడ దిక్కు చూస్తూ కూర్చుంటున్నావట. అవ్వ చెప్పిన రోజు ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

అందుకే జోడు సైకిల్ కట్టాను. రెండు ఫ్రేములు కోయించి వెల్డింగ్ పెట్టించాను. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. ముందు నేను, వెనక నువ్వు. నువ్వేమీ వినక్కర్లేదు, చూడక్కర్లేదు, కాళ్లు ఊరికే తిప్పినా చాలు. చూస్తే నీకు బాధనిపిస్తుందేమోనని బెల్లు కూడా పెట్టలేదు. కొండగట్టు అంజన్న దగ్గర బండి పూజ చేయించి, జగిత్యాల మీదుగా గోదావరి దాటి ఖానాపూర్, అక్కణ్నుంచి నీకిష్టమైన టేకు అడవిలో ఉట్నూర్ దాకా పోదాం. కాదన్నావంటే చూడు మరి.

నీ కోపిష్టి కూతురు,
మమత

*

సిరిసిల్ల

మమత బిడ్డకు బాపు దీవెనలు.

ఉత్తరం అందింది. నాకు సోకులు రావు, మాట్లాడినట్టే రాస్తున్న. నువ్వు జోడు సైకిల్ కట్టినవని చదివి ఆగలేకపోయిన. కార్ఖానకు పోయి అందరికి ఉత్తరం చూపిచ్చిన. మా జోడీదారు రాయమల్లు సాంచ ఆపి మరీ చదివిండు. నా బుజం చరిచి, చేతులు రెండు లేపి దండం పెట్టిండు. గా దండం నీకే బిడ్డా.

గని నేను రాను. నన్ను బియ్యం సంచి లెక్క ఎనుక కట్టుకొని ఉట్నూర్ల దించుతవా? చూడక్కర్లేదని రాసినవ్. ఎందుకు చూడక్కర్లేదు? నాకు పోయినయి చెవులు. కండ్లు పోలే, కాళ్లు పోలే. ఇప్పటికి మీ అవ్వ సూదిల దారం ఎక్కిచ్చేది నేనే.

గా లారీ దినం నాకు ఏది తాకిందో నీకు చెప్పలే. అందరు ఉరికొచ్చి లేపిన్రు. నా మొకం మీదికి అచ్చి నోరు తెరిచి ఒర్రుతున్నరు. ఏమంటున్నరో సమజ్ గాలే. నవ్వుతున్నరో తిడుతున్నరో తెల్వలే. నేను మనిషిని గాదు, సామాను అనిపిచ్చింది. సామాను లెక్కనే ఇంట్ల ఓ మూలకు కూసున్న. ఇగ నా బిడ్డ గూడ సామాను లెక్కనే ఎక్కిచ్చుకుంటా అంటే పానం గిలగిల కొట్టుకుంది.

నువ్వు తెలివైనదానివే గని సీట్లు ఉల్టా పెట్టినవ్. కండ్లున్నోడు ముందట కూసోవాలె, చెవులున్నోళ్లు ఎనుక కూసోవాలె. ఎనుకకెల్లి బండి అస్తే నాకు చెప్పెటోళ్లు గావాలె, గంతే. ముందు సీటు ఇస్తే అస్త. లేకుంటే లేదు. ఇంకోటి, బెల్లు పెట్టు. బెల్లు కొట్టేది ఎదుటోళ్లకు ఇనపడనీకి గని నాకు ఇనపడనీకా?

మీ అవ్వకు గీ ముచ్చట చెప్పలే. చెప్తే కాళ్లిరగ్గొడ్తది. నీకు జర పానం మంచిగ లేదని చెప్పి బస్సెక్కుత.

నీ బాపు,
పర్శరాములు

*

కరీంనగర్

కనిపెంచిన మా చంద్రవ్వకు కాళ్లు మొక్కి మమత రాస్తున్నది,

బాపూ, ఇది అవ్వ ఉత్తరం. గట్టిగా చదివి వినిపించు. మధ్యలో మింగితే నాకు తెలిసిపోతుంది.

అవ్వా, నాకు ఏ రోగమూ లేదు. గుండ్రాయిలా ఉన్నాను. బాపు వచ్చింది జోడు సైకిల్ తొక్కడానికి. ఊరికొచ్చాక "పోయినం, అచ్చినం" అని తప్పించుకుని ఉంటాడు. అందుకే అంతా నేనే చెప్తున్నాను. తిట్లన్నీ నాకు దాచిపెట్టు.

ముందు సీటు బాపుదే. బెల్లు బిగించి నేను వెనక ఎక్కాను. కరీంనగర్ దాటేసరికి ఆయన వీపు నిటారుగా అయింది. కొండగట్టు ఇంకా కాస్త దూరముందనగా వెనక బస్సు వినిపించింది. చెప్దామని వీపు మీద రెండుసార్లు తట్టాను. ఎంత బుద్ధితక్కువ పని! కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కదా, వీపు తడితే ఏమిటర్థం? పోగు తెగింది, సాంచ ఆపమని. బాపు వీపుకు ఆ భాష ఒక్కటే వచ్చు. నడిరోడ్డు మీద రెండు బ్రేకులూ కలిపి పట్టేశాడు. బస్సు తప్పుకుని పోయింది, మేం మక్కజొన్న చేన్లో పడ్డాం. అంజన్నకు కొట్టాల్సిన కొబ్బరికాయ అక్కడే పగిలింది. బాపు లేచి, దుమ్ము దులుపుకుని, నా మొహంలోకి చూసి అడిగాడు: "ఏ పోగు తెగిందే?"

నేను నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయాను. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో నీకే తెలుసు.

అప్పుడు గట్టు మీద కూర్చుని కొత్త భాష పెట్టుకున్నాం. వెనక బండి వస్తే ఆయన కుడి భుజం మీద నా చెయ్యి ఉంటుంది. బండి దాటిపోయేదాకా తీయను. తీశానంటే దారి ఖాళీ. కొండగట్టులో పూజారి నిమ్మకాయలు పెడుతూ, "సీట్లు రెండున్నయి, డ్రైవర్ ఎవలు?" అన్నాడు. నేను బాపును చూపించాను. ఆయన నుదుటికి సింధూరం పెట్టించుకుని ఎంత దర్జాగా నిలబడ్డాడో! నాకు ఆ మనిషి మీద కొత్తగా ప్రేమ పుట్టింది.

ఇక ఖానాపూర్ దాటాక అడవి. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నడుద్దామని నేను సైగ చేయడం, ఆయన చూడనట్టు తొక్కడం. ఊపిరందక నేనే రొప్పాను గానీ ఉట్నూర్ చేరేదాకా ఏ ఎత్తులోనూ ఆయన దిగలేదు. అయితే ఒక్కటి అర్థం కాలేదు. ఎదురుగా మనిషి లేడు, మేక లేదు, బాపు మాత్రం బెల్లు కొడుతూనే ఉన్నాడు. నీళ్లకు ఆగినప్పుడు, ఎవరున్నారని కొడుతున్నావని చెయ్యి తిప్పి అడిగాను.

"నీకు ఇనపడ్తుందా?" అన్నాడు.

తల ఊపాను.

"మంచిగ మోగుతుందా?"

మళ్లీ ఊపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"మీ అవ్వ గూడ నా బెల్లు ఇంటుండె," అన్నాడు. "నేను కార్ఖానకెల్లి అస్తుంటే గల్లీ మొగదల బెల్లు కొట్టెటోన్ని. ఇంటికొచ్చేసరికి చాయ్ పొయ్యి మీదుండేది. అవ్వ తోటి చెప్పలే గని, గా చాయ్ కోసమే కొట్టెటోన్ని."

అవ్వా, బాపు ఈ ముక్క చదవకుండా ఆగిపోతే, చేతిలోంచి కాగితం లాక్కుని పక్కింటి వాళ్లతో చదివించుకో.

ఆదివారం జోడు సైకిల్ సిరిసిల్లకు తెస్తున్నాను. అది ఇక అక్కడే ఉంటుంది. గల్లీ మొదట్లో బెల్లు వినబడగానే పొయ్యి మీద చాయ్ పెట్టు. తాగాక కాళ్లిరగ్గొట్టాలనిపిస్తే కొట్టు. తర్వాత చెప్పులేసుకుని బయటికి రా. వంటింట్లో ఉండి కూడా గల్లీ చివరి గుసగుసలన్నీ వినే చెవులు నీవి. వెనక సీటుకు వాటిని మించినవి ఎక్కడ దొరుకుతాయి? తొక్కడం రాకపోయినా పర్వాలేదు, పెడళ్లే నీ కాళ్లు తిప్పుతాయి. కుడి భుజం మీద చెయ్యి వెయ్యి, చాలు.

నీ ముద్దుల బిడ్డ,
మమత