రెండు సైజులు పెద్ద కోటు

శ్రీధర్, ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. కానీ నా కోపం ఇంకెవరి మీద చూపించను?

పొద్దున లాయర్‌ని కలిశాను. నేనిక్కడ ఉన్నది నీ వీసా మీద డిపెండెంట్‌గా కదా, నువ్వు పోవడంతో నా స్టేటస్ కూడా పోయిందట. గ్రీన్ కార్డ్ రాలేదు కాబట్టి ఇండియా వెళ్లిపోవడమే అన్నాడు.

చలికాలంలో మంచు మీద చల్లే ఉప్పు ఆగస్టులోనే కొనేవాడివి. మన పాప మేఘ పుట్టకముందే స్కూళ్లు చూసి ఇక్కడ పిస్కాటవేలో ఇల్లు కొన్నావు. పక్కింటి చెన్ గారు వాళ్ల చైనా గురువు కన్ఫ్యూషియస్ గురించి చెబుతుంటే, ముందుచూపు వాళ్లకి ధర్మమట అని మురిసిపోయేవాడివి.

సాయంత్రం ఆయన సూప్ తెచ్చారు. విషయం చెప్పి, "ఇదేనా మీరు నేర్పిన ముందుచూపు?" అని అడిగేశాను. ఆయన సూప్ గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"రేపు ఏమవుతుందో కనిపెట్టడం కాదమ్మా అది. మనం లేని రోజున కూడా ఇంట్లోవాళ్లు నిలబడేలా చూడడం. అతనికి నేను సరిగ్గా చెప్పలేదేమో" అన్నారు.

నేనూ చదువుకుని సొంతంగా వీసా తెచ్చుకుంటానంటే, "గ్రీన్ కార్డ్ వచ్చేస్తుందిగా, తొందరేముంది" అన్నావు. నువ్వు వేసిన ప్రతి ప్లాన్‌లోనూ నువ్వున్నావు శ్రీధర్.

ఇందాక సూట్‌కేస్ సర్దుతుంటే మేఘ చలికోటు వేసుకుని వచ్చింది. సేల్‌లో నువ్వు రెండు సైజులు పెద్దది కొన్నావే, అదే. పిల్ల చేతులు కూడా బయటికి కనబడట్లేదు.

"నెక్స్ట్ ఇయర్ ఫిట్ అవుతుంది అని నాన్న చెప్పాడు" అంది.

విజయవాడలో ఆ కోటు ఎప్పుడు వేసుకోవాలో, నువ్వే చెప్పు దానికి.