ఆరు ముఖాల ఫ్లెక్సు, ఏడు కుర్చీల గది

వెల్లాట్టుకడవు గ్రామ పంచాయతీ కార్యదర్శి గారి సముఖమునకు, ఐదవ వార్డు నివాసి, ప్రైవేటు బస్సు డ్రైవరు తంకచ్చన్ వ్రాసుకొను అర్జీ.

విషయం: రేవు దగ్గర కట్టిన ఫ్లెక్సును తొలగించుట, గ్రంథాలయం మేడమీది గది తాళం తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. తాగుడు మానదలచినవారు ప్రతి మంగళవారం సాయంత్రం ఐదున్నరకు పై గదిలో కూర్చుని తమ సంగతులు చెప్పుకొనుచున్నారు. ఈ కూటమికి బోర్డు లేదు. అందుచేత దాన్ని వెతుక్కోవడానికి నాకు మూడు నెలలు పట్టినది. ఎవరినీ అడగలేక, ఇదే కాబోలనుకుని కింది హాలులో జరిగే మధుమేహ శిబిరంలో రెండు వారాలు కూర్చున్నాను. లేని చక్కెర జబ్బుకు మెంతులు నానబెట్టుకుని తిన్నాను. చివరికి, పూర్వం కల్లు గీసిన ఒక పెద్దాయన నా వాసన పట్టి, "ఒరేయ్, నీ రోగం ఇక్కడ కాదు, పైమెట్లెక్కు" అన్నాడు. ఎక్కాను. నేటికి పదకొండు నెలలు, ఒక్క చుక్క ముట్టలేదు.

2. ఆ గదిలో ఇంటిపేర్లు చెప్పరు. లేచేముందు అందరం ఒక మాట అనుకుంటాం: "ఇక్కడ విన్న మాట, ఇక్కడ చూసిన ముఖం, ఇక్కడే వదిలి వెళ్తాం." మేము ఏడుగురం. ఏడుగురమూ ఆ మాట అన్నవాళ్లమే.

3. ఇట్లుండగా, మద్యవిముక్త పంచాయతీ బహుమతికై జిల్లా నుండి తనిఖీ వచ్చుచున్నదని, తమ కార్యాలయం వారు రేవు దగ్గర, సరిగ్గా సర్కారు మద్యం దుకాణం ముందు జనం నిలబడే వరుసకు ఎదురుగా, "మద్యాన్ని జయించిన మన వీరులు" అని ఫ్లెక్సు కట్టించినారు. ఆరు ముఖాలు, ఆరు పేర్లు, వార్డు నంబర్లతో సహా. నా ఫొటో ఇళ్ల పథకం దరఖాస్తులోనిది. అయ్యా, ఆ ఫొటో దిగిన రోజు నేను పీకలదాకా తాగి ఉన్నాను. వీరుడట!

వరుసలో నిలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నవాళ్లు కూడా నన్ను చూసి ఈల వేస్తున్నారు. "ఏం తంకచ్చా, సినిమా ఎప్పుడు రిలీజు?" అంటున్నారు. బస్సు ఓనరు పిలిచి, "మానేశావు, సంతోషమే. కానీ ఇన్నాళ్లూ తాగినవాడి చేతికి స్టీరింగ్ ఇచ్చానని జనం నా మీద పడుతున్నారు. కొన్నాళ్లు ఇంట్లో ఉండు" అన్నాడు.

4. నా సంగతి పోనీయండి. మాలో ఒక ఆడమనిషి ఉన్నది. పేరు వ్రాయను, ఫ్లెక్సులో వ్రాసింది చాలు. నామజపానికని అత్తగారితో చెప్పి వచ్చేది. నోరు విప్పడానికే ఆమెకు ఐదు వారాలు పట్టింది. ఫ్లెక్సు కట్టిన సాయంత్రం అత్తగారు వీధిలో నిలబడి, "ఇన్నాళ్లూ ఏ దేవుడికే నువ్వు జపం చేసింది?" అని అడిగినదట. ఆ తరువాత ఆమె రాలేదు. మొన్న పడవలో ఎదురుపడితే ముఖం తిప్పుకున్నది. లవంగం నములుతున్నది. పొద్దున పది గంటలకు, నోటి వాసన కప్పే లవంగం ఎందుకు నములుతారో మా ఏడుగురికీ తెలుసు.

5. పైగా, ఇకమీదట హాజరు పుస్తకంలో సంతకాలు చేస్తేనే గది ఇస్తామని తాళం తమ కార్యాలయంలో పెట్టుకున్నారు. పేరు బయటపెట్టి సంతకం పెట్టగలిగినవాళ్లమైతే మేడ ఎందుకెక్కుతామయ్యా? గత మంగళవారం మెట్లమీద ఇద్దరమే కూర్చున్నాం, నేనూ పెద్దాయనా. పాలులేని టీ చల్లారిపోయింది.

కాబట్టి ఫ్లెక్సు దింపించి, హాజరు పుస్తకం రద్దుచేసి, తాళం ఇప్పించ ప్రార్థన. పేర్లు ఎవరి నోట బయటికి వచ్చినవో విచారణ జరిపించమని మాత్రం కోరను.

ఇందలి కష్టమును తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈరోజు వరకు తాగనివాడు,
తంకచ్చన్

తా.క. ఈ చీటీ విడిగా పెడుతున్నాను, ఫైలులో కలపకు. గుమస్తా చూడకముందే చించెయ్.

అన్నా, కిటికీ పక్క కుర్చీలో ఇరవై మూడు మంగళవారాలు కూర్చున్నావు. ఆమె మొదటిసారి మాట్లాడిన రోజు నువ్వూ ఏడ్చావు, నా తువ్వాలు తీసుకుని ముక్కు తుడుచుకున్నావు. ఆరు ముఖాలు ఎక్కించి నీది దాచుకోవడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఒక బహుమతి కోసమా? కన్నతండ్రికి చెప్పనివి నీకు చెప్పుకున్నాను కదరా!

"పై అధికారికి రాయి, వాడి బండారం కూడా బయటపడుతుంది" అని పెద్దాయన ఒకటే పోరు. రాయను. నీ ముఖం నేను ఆ గదిలోనే వదిలి వచ్చాను. నువ్వు తప్పావని నేనూ ఆ మాట తప్పను.

మంగళవారం తాళం నువ్వే తీసుకుని రా. ముందు ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పు, ఆమె తిట్టినన్ని తిట్లూ తిను, తరువాత మేడెక్కు. నీ కుర్చీ నీకే ఉంటుంది.

నిన్న కొట్లో లవంగాలు కొన్నాను అన్నా. పొట్లం ఇంకా విప్పలేదు. మంగళవారం దాకా విప్పను.