బిజిలీ ఊపిరి

తమ్ముడు కిష్టయ్యకు,

అలవాటు కొద్దీ నీ పేరు ముందు ‘చిరంజీవి’ అని రాయబోయి కలం ఆపాను. చిన్నవాడికి పెద్దవాడు రాసే ఉత్తరం ఆ మాట లేకుండా ఎట్లా మొదలవుతుందో ఇన్నేళ్ల చదువులో నాకెవరూ చెప్పలేదు. నువ్వు వెళ్లి ఏడాది దాటింది. సంవత్సరీకం సక్రమంగా జరిపించాను. మేమందరం కుశలం. అక్కడ నువ్వు... ఎట్లా అడగాలో కూడా తెలియడం లేదు.

ఈ ఉత్తరం నీ గుర్రం బిజిలీ గురించి. రేపు ఉదయం దాన్ని బొల్లారం తీసుకుపోతున్నాను. నువ్వుంటే ఒప్పుకునేవాడివా? అది తేలకనే రాస్తున్నాను.

నువ్వు పోయాక రెజిమెంటల్ బజార్‌లో మన ఇంటి వెనక కొట్టంలో అది ఒంటరిదైంది. టాంగా అమ్మేశాం. స్టేషన్ ముందు ఇప్పుడన్నీ ఆటోలే... గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే పిల్లలు బయటికొచ్చి చూస్తున్నారు.

ఎండాకాలమంతా బిజిలీ చాలా బాధపడింది. మీ టాంగావాళ్లు దమ్మా అనే ఆ పాత జబ్బే. ఎండుగడ్డి దుమ్ము లేస్తే చాలు, దగ్గు. గాలి లోపలికి సులువుగానే పోయేది, బయటికి రావడమే కష్టం. ఊపిరి ఒకసారి వదిలి, అది చాలక, డొక్క బిగించి రెండోసారి నెట్టేది. పద్యపాదాన్ని ఆపరాని చోట ఆపి, మళ్లీ అందుకుని చదివినట్టుండేది నా చెవికి.

ఈ పోలిక వింటే నువ్వు నవ్వేవాడివి. “అన్నా, నీ పద్యాలల్ల గుర్రాలు గాలిల ఎగురుతయ్. మా గుర్రాలు గడ్డి తింటయ్, లద్దె ఏస్తయ్. జెర గా చీపురందుకో” అనేవాడివి. అందుకునేవాణ్ని కూడా.

తరవాత వానలు పడ్డాయి. దుమ్ము అణిగింది, పచ్చగడ్డి దొరికింది, బిజిలీ ఊపిరి కుదురుకుంది. సరిగ్గా అప్పుడే పెళ్లి ఊరేగింపులకు గుర్రాలిచ్చే ఆసామి ఒకాయన వచ్చాడు. దాని తెల్లని ఒళ్లు, పొడుగాటి జూలు చూసి ముచ్చటపడి మంచి ధర చెప్పాడు. నీ భార్య రత్నమ్మ ఒప్పుకుంది. ఆమెను తప్పుపట్టను. కొట్టం తీసేసి అక్కడొక గది వేయించి అద్దెకిచ్చుకుంటే ఆమె బతుకుకు ఆధారం. ఆసామి జబ్బు సంగతి అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను.

బిజిలీని నీకు అంటగట్టినవాడు కూడా వానాకాలంలోనే అంటగట్టాడు కదా. చలికాలం వచ్చి దగ్గు మొదలయ్యేదాకా నీకు తెలియలేదు. నువ్వూ అట్లాగే ఎవరికో అమ్మేయమని టాంగా స్టాండులో అందరూ బోధించారు. “వాడు నాకు జెప్పకుండ అమ్మిండని నేను ఇంకోనికి జెప్పకుండ అమ్మాల్నా? గప్పుడు వాన్నెట్ల తిట్టాలె? జెర తిట్టుకోనీకన్న ఒకన్ని ఉండనియ్యున్రి” అన్నావు నువ్వు. స్టాండంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు...

ఆసామికి చెప్పేశాను. దీనికి దమ్మా ఉంది, బాజాల నడుమ, టపాకాయల పొగలో నిలబడలేదు అని. ఆయన నమ్మలేదు. ధర పెంచడానికి ముసలాయన వేసిన ఎత్తనుకున్నాడు. నిజం చెప్పి, అది నిజమేనని బతిమాలుకోవలసిన అవస్థ నాకు అదే మొదలు. చివరికి ఆయన మనిషి దాన్ని ఎగువ దారిన పరుగు పెట్టించి తెచ్చాడు. వెళ్లేటప్పుడు చెవులు నిక్కించి ఎంత దర్పంగా పోయిందో... తిరిగొచ్చాక డొక్క రెండేసి సార్లు ఎగసిపడింది. ఆసామి అక్కడ చెయ్యి ఆనించి చూసుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత వారం రోజులు రత్నమ్మ నాతో మాట్లాడలేదు. నా ముందు పళ్లెం పెట్టి లోపలికి వెళ్లేది. నేను పలికింది సత్యమే. దానివల్ల నష్టపోయింది మాత్రం ఆమె. ఒకరి నోటి ధర్మానికి మరొకరు మూల్యం చెల్లించడం ఏ ధర్మం, కిష్టా? చదివిన గ్రంథాలన్నీ మనసులో తిరగేశాను.

అట్లా ఉండగా బొల్లారంలో గడ్డి పెంచే నీ స్నేహితుడు నర్సింహ కబురు విని వచ్చాడు. తన దగ్గర బయలు ఉందనీ, ఏడాది పొడుగునా పచ్చగడ్డి ఉంటుందనీ, నడక మీద గడ్డిమోపులు లాగితే చాలనీ, పరుగు పెట్టించననీ చెప్పాడు. ధర మాత్రం ఇచ్చుకోలేనన్నాడు. నాకు రత్నమ్మ వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

ఆమె వచ్చి కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది. నర్సింహనే అడిగింది... చలికాలంలో దీన్ని మూసిన పాకలో కట్టేస్తావా అని. ఎండుగడ్డి వేయవలసి వస్తే నీళ్లలో తడిపి వేస్తావా అని. కట్టనని, తడిపే వేస్తానని అతని నోట చెప్పించుకుని, తాడు విప్పి, అతనికి కాక నా చేతికి ఇచ్చింది. బావే స్వయంగా తీసుకుపోయి ఆ చోటు చూసి రావాలట. వారం తరవాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

ఆమె గదికి నా చేతనైనంత నేను చేస్తాను. అది నీకు చెప్పనవసరం లేదు.

రేపటి దారి పొడుగు. నాకూ వయసు మీదపడింది. అయినా దాని మీద ఎక్కను, పక్కన నడుస్తాను. ఎగువ దారిలో అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాను. రెండో ఊపిరి కూడా పూర్తిగా వదిలి, తనంతట తాను అడుగు వేసేదాకా తాడు లాగను. ఈ ఒక్క మాట ఇవ్వగలను, కిష్టా.

ఉంటాను,
నీ అన్న